కుర్చీని తిరగేసి చూడండి

పెరట్లో, మేడ మీద, బాల్కనీలో వేసుకునే కుర్చీలూ బల్లల గురించి ఈ నెల చాలా ఉత్తరాలు వచ్చాయి. వానలు వెనకపట్టాక అందరి చూపూ వాటి మీద పడినట్టుంది. నా సంగతి కొత్త పాఠకుల కోసం రెండు ముక్కల్లో. మాది విశాఖపట్నం. నాన్నకి కంచరపాలెంలో కలప అడితి ఉండేది. పదో తరగతి సెలవుల్లో లెక్కలు రాయమని నన్ను అక్కడ కూర్చోబెట్టారు, మరి లేవలేదు. తర్వాత 32 ఏళ్లు ఫర్నిచర్ వర్క్‌షాపు నడిపాను. చెక్క వాసనా తెలుసు, మేస్త్రీల సాకులూ తెలుసు.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నేను రిటైరైన టీచర్ని. భీమిలిలో సముద్రానికి రెండు వీధుల ఇవతల మా ఇల్లు. రెండేళ్ల కిందట మేడ మీదకి ఇనప పైపుల కుర్చీలు నాలుగు, ఒక బల్ల కొన్నాం. పౌడర్ కోటింగ్ కాబట్టి తుప్పు పట్టదన్నారు. ఏడాది తిరక్కుండానే కాళ్ల దగ్గర ఎర్రగా పొక్కులు లేచాయి. రెండుసార్లు పెయింట్ వేయించాను, మళ్లీ అదే. పారేయమంటారా?
(ఒక పాఠకుడు, భీమిలి)

జవాబు: అప్పుడే పారేయకండి మాస్టారూ. ముందు ఒక కుర్చీని తలకిందులు చేసి, కాలి చివర ఉన్న ప్లాస్టిక్ బుష్ ఊడదీయండి. ఎర్రటి నీళ్లో, తుప్పు పొడో రాలుతుంది చూడండి. స్క్రూ బెజ్జాల్లోంచి, సరిగ్గా మూయని వెల్డింగ్ అతుకుల్లోంచి నీరు పైపులోకి దిగి, బుష్ అడ్డం ఉండటంతో బయటికి పోలేక అక్కడే నిలుస్తుంది. మీ కుర్చీ లోపలి నుంచి తుప్పు పడుతోంది. మీరు పెయింట్ వేయించింది బయట. పంటి నొప్పికి చెంపకి పౌడర్ రాసుకున్నట్టు.

పౌడర్ కోటింగ్ మంచిదే. కానీ అది గుడ్డు పెంకు లాంటిది. గచ్చు మీద కుర్చీని బరబరా ఈడ్చినప్పుడు కాలి అంచు దగ్గర చిట్లుతుంది. ఆ సందులోంచి ఉప్పునీరు పెంకు కిందికి పాకుతుంది. ఇంకో సంగతి చెబితే మీకు ఆశ్చర్యం వేస్తుంది. సముద్రం పక్కన కుర్చీ పైభాగం కంటే అడుగు భాగమే ముందు పాడవుతుంది. పైన వాన పడి ఉప్పుని కడిగేస్తుంది. సీటు కింద, చేతుల అడుగున వాన తగలదు. గాలిలో వచ్చిన ఉప్పు అక్కడ పేరుకుని, రాత్రి తేమని లాక్కుని, తడి ఆరకుండా ఉంటుంది. మనం గుడ్డ పెట్టి తుడిచేదేమో పైభాగాన్నే!

ఇప్పుడు చేయాల్సింది ఇది. కాళ్లని స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడండి. మొన లోపలికి దిగిపోతే ఆ ముక్క పోయినట్టే, వెల్డింగ్ షాపులో కింద రెండంగుళాలు కోయించి కొత్త పైపు అతికించుకోవాలి. దిగకపోతే కుర్చీ బతుకుతుంది. ముందు మంచినీళ్లతో ఉప్పంతా పోయేలా కడిగి ఎండలో ఆరబెట్టండి. ఈ పని ఎవరూ చేయరు, నేరుగా బ్రష్ పట్టుకుంటారు. ఉప్పు గుంటల్లో ఉండగా ఎంత ఖరీదైన రంగు వేసినా పొక్కుతుంది. తర్వాత వైరు బ్రష్షు, ఎమ్రీ పేపరు పెట్టి, తెల్లటి ఇనుము కనబడేదాకా గీకించండి. పొక్కు చుట్టూ ఇంకో అంగుళం మేర కూడా గీకాలి. థిన్నరు గుడ్డతో తుడిచి, అదే రోజు ఎపాక్సీ ప్రైమర్ పడాలి. "రేపొచ్చి ప్రైమర్ కొడతానండీ" అని పెయింటర్ అంటే ఆ రోజు గీకనివ్వకండి. మన సముద్రపు గాలికి గీకిన ఇనుము తెల్లారేసరికి మళ్లీ ఎర్రబడుతుంది. ప్రైమర్ ఆరాక రెండు కోట్లు, మధ్యలో ఒక రాత్రి విరామం. చివరగా ప్రతి బుష్‌కీ మధ్యలో చిన్న బెజ్జం వేయించండి, నీరు దిగిపోవడానికి. అయిదు నిమిషాల పని. మా వర్క్‌షాపులో ఇనప కుర్చీల ఆయుష్షు పెంచింది ఈ బెజ్జమే.

ఆపైన వారానికోసారి బకెట్ మంచినీళ్లు. అడుగు వైపు కూడా పోయండి.

ఒకవేళ కొత్తవి కొంటే సముద్రం దగ్గర అల్యూమినియం మేలు. దానికి ఎర్ర తుప్పు రాదు. స్క్రూలు స్టీలువైతే మధ్యలో ప్లాస్టిక్ వాషరు ఉందో లేదో చూడండి. రెండు లోహాలూ ఉప్పు తడిలో నేరుగా తగిలితే అల్యూమినియం తెల్లగా పొడి రాలుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలే కావాలనుకుంటే 316 గ్రేడు అడగండి. మామూలుగా దొరికే 304 మీద సముద్రపు గాలికి టీ ఒలికినట్టు గోధుమ మచ్చలు పడతాయి. అన్నట్టు, షాపువాళ్లు అయస్కాంతం పెట్టి "చూడండి, అంటుకోవడం లేదు, అసలైన సరుకు" అంటారు. 304కీ అంటుకోదు, 316కీ అంటుకోదు. ఆ పరీక్ష వల్ల మీకు తెలిసేది ఏమీ లేదు, బిల్లు మీద గ్రేడు రాయించుకోండి.

ప్రశ్న: మేడమ్, మేము సైనిక్‌పురిలో ఉంటాం. పోయిన వేసవిలో టేకు బెంచీ ఒకటి చాలా డబ్బు పోసి కొని గార్డెన్‌లో వేశాం. ఒక్క వానాకాలానికే బంగారు రంగు పోయి బూడిద రంగుకి వచ్చింది. మా ఆయన మోసపోయామంటున్నారు. వార్నిష్ వేయిస్తే పాత రంగు వస్తుందా?
(ఒక పాఠకురాలు, సికింద్రాబాద్)

జవాబు: మీ ఆయన్ని శాంతించమనండి. ఎండా వానా తగిలిన టేకు బూడిద రంగుకి రావాల్సిందే. రానంటే అది టేకు కాదేమోనని నేను అనుమానపడతాను. ఆ మార్పు పైపొర వరకే, లోపల చెక్క క్షేమం. టేకులో సహజంగా ఉండే నూనెలాంటి పదార్థాల వల్లే చెదలు, కుళ్లు దాని జోలికి అంతగా రావు. అయితే ఈ గొప్పంతా చేవకే, అంటే చెట్టు నడుమ ముదిరిన కట్టెకే. చేవ చుట్టూ ఉండే తెల్ల కట్టెకి ఆ బలం లేదు. చిన్న వయసు చెట్లని కొట్టి అమ్మే టేకులో ఈ తెల్ల కట్టె ఎక్కువ. రంగు పూసి చేవలో కలిపేస్తారు. కాబట్టి మీరూ బెంచీని తిరగేయండి. అడుగున పాలిష్ పల్చగా ఉంటుంది, అక్కడ దాపరికం నడవదు. ఏదైనా పలక అంచు లేత పసుపుగా, గోరు పెడితే దిగేంత మెత్తగా ఉందా చూసుకోండి. ఉంటే అప్పుడు మోసం అందాం.

వార్నిష్ మాత్రం వద్దు. ఆరుబయట చెక్క వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుస్తుంది. వార్నిష్ పొర దానితోపాటు సాగదు, చిట్లుతుంది. ఆ చిట్లిన చోట నీరు దూరి ఆరే దారి లేక చెక్కని నల్లగా చేస్తుంది. ఏడాది తిరిగేసరికి పెచ్చులు. వాటిని గీకడానికి అయ్యే కూలి వార్నిష్ ఖర్చు కంటే ఎక్కువ.

బూడిద రంగు నచ్చితే అలాగే ఉంచేయండి. నాకు అదే ఇష్టం, మా ఇంటి బెంచీకి ఇరవై ఏళ్లుగా సబ్బునీళ్లు తప్ప ఏమీ పెట్టలేదు. బంగారు రంగే కావాలంటే వానలు పూర్తిగా పోయాక, నవంబరు ఫిబ్రవరి మధ్య, మెత్తటి బ్రష్షుతో నారగీత వెంట సబ్బునీళ్లతో రుద్ది, రెండు మూడు రోజులు నీడలో ఆరనిచ్చి, 120 నంబరు సాండ్ పేపరు, తర్వాత 180 పట్టించి నూనె పూయండి. టేకు ఆయిల్ అని డబ్బా మీద ఉంటుంది కానీ అది టేకు చెట్టు నుంచి తీసింది కాదు. ఎక్కువగా అవిసె నూనెలో మరికొన్ని కలుపుతారు. పూసిన పావుగంటకి మిగిలిన నూనెని గుడ్డతో తుడిచేయాలి, లేకపోతే జిడ్డుగా నిలిచి దాని మీద నల్ల బూజు పడుతుంది. ఇది ఏటా చేయాల్సిన పని. ఓపిక ఉందనుకుంటేనే మొదలుపెట్టండి.

ఆ తుడిచిన గుడ్డల గురించి ఒక హెచ్చరిక. అవిసె నూనె గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. కథ కాదు. మా షెడ్డులో ఓ శనివారం సాయంత్రం కుర్రాళ్లు గుడ్డలన్నీ గంపలో కుక్కి వెళ్లిపోయారు. రాత్రి తొమ్మిదికి వాచ్‌మన్ ఫోను, "అమ్మగారూ, గంపలోంచి పొగ" అని. పక్కనే రంపపు పొట్టు బస్తాలు. అతను గంపని రోడ్డు మీదకి తన్నేశాడు కాబట్టి సరిపోయింది. నూనె గుడ్డల్ని ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి పారేయండి.

ప్రశ్న: అక్కా, రాజమండ్రిలో మా తాతగారి మండువా ఇల్లు పడగొడుతున్నాం. దూలాలు బర్మా టేకు అని నాన్న చెబుతారు. అమ్మేస్తే మంచి రేటే పలుకుతోంది. కానీ ఒకటి రెండు ఉంచుకుని కొత్త ఇంటి పెరట్లో బెంచీ చేయించాలని నాకు. మా మేస్త్రి "పాత చెక్కతో పని తలనొప్పి, కొత్తది కొనండి" అంటున్నాడు.
(ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం)

జవాబు: నీ ఉత్తరం చదివి రాజమండ్రి బస్సెక్కేద్దామనిపించింది తమ్ముడూ. ఒకప్పుడు మన కోస్తా జిల్లాల నుంచి వేలమంది ఓడలెక్కి పనికోసం రంగం వెళ్లేవాళ్లు. రంగూన్‌ని మనవాళ్లు రంగం అనేవారుగా. అటు మనుషులు వెళితే ఇటు టేకు వచ్చింది. గోదావరి జిల్లాల పాత మండువా ఇళ్లలో ఆ చెక్క ఇంకా ఉంది. పెద్ద చెట్ల చేవ అది, గీతలు దగ్గరదగ్గరగా ఉంటాయి. దశాబ్దాలపాటు ఇంటి పైకప్పు కింద ఆరింది, ఇక వంకర పోయేది ఏమీ లేదు. అంత ఆరిన కొత్త కలప ఇవాళ డబ్బిచ్చినా దొరకదు.

మేస్త్రి తలనొప్పి అబద్ధం కాదు. పాత దూలంలో మేకులుంటాయి. ఒక్క మేకు తగిలితే మిల్లులో రంపపు పళ్లు పోతాయి, అందుకే మిల్లువాళ్లు కూడా ముఖం తిప్పుకుంటారు. చిన్న అయస్కాంతానికి దారం కట్టి దూలం పొడవునా ఆడించు. లాగిన చోటల్లా సుద్దతో గుర్తు పెట్టు, మేకులు పీకించాకే మిల్లుకి పంపు. "రంపం పాడైతే ఖర్చు నాది" అని ముందే చెప్పెయ్, మాట్లాడకుండా కోసిపెడతారు. గోడలో దిగి ఉన్న రెండు చివర్లనీ తిప్పి చూడు. సున్నం గోడ చెమ్మకి అవి బోలుపోయి ఉండొచ్చు, మొహమాటం లేకుండా ఒక్కో అడుగు కోసెయ్.

ఇక బెంచీ. సీటుని ఒకటే వెడల్పు పలకగా చేయించకు, నీరు నిలుస్తుంది. రెండున్నర, మూడంగుళాల రీపర్లు వేసి మధ్య మధ్య చిటికెన వేలు మందం సందు వదలమను. అయిదడుగుల బెంచీ అయితే మధ్యలో కింద ఒక అడ్డపట్టీ ఉండాలి, లేకపోతే నలుగురు కూర్చున్న రోజున వంగుతుంది. ఎత్తు 18 అంగుళాలు పెట్టించు. ఫ్యాషన్ అని 15కి దించితే మీ నాన్నగారు మోకాళ్లు పట్టుకుని లేవాలి. ఇనప మేకు ఒక్కటి కూడా దిగకూడదు. వాన తడికి ఇనుమూ, టేకులోని వగరూ కలిసి సిరా ఒలికినట్టు నల్లమచ్చలు పడతాయి, మేకూ తినేస్తుంది. ఇత్తడి స్క్రూలో, స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలో వాడమను, ముందు బెజ్జం వేశాకే బిగించమను.

ఇప్పుడు కాళ్ల సంగతి. చెక్క నీటిని తాగేది పక్కల నుంచి తక్కువ, అడ్డంగా కోసిన ముఖం నుంచి ఎక్కువ. చెట్టు బతికుండగా నీళ్లు పైకెక్కిన గొట్టాలు అక్కడ తెరుచుకుని ఉంటాయి మరి. కాలి అడుగు సరిగ్గా ఆ ముఖం. దాన్ని తీసుకెళ్లి మట్టిలో పెడతాం! మా నాన్న బెంచీ అప్పగించే ముందు నాలుగు కాళ్ల అడుగులకీ వేడి మైనం పట్టించేవారు. ఇప్పుడైతే ఎపాక్సీ పూస్తే చాలు, పీల్చుకున్నంత పూసి, ఆరాక ఇంకోసారి. దాని కింద చిన్న రాతి ముక్కలు పెట్టు. కాళ్లని కాంక్రీటులో పాతించకు. గట్టిగా ఉంటుందని చాలామంది చేస్తారు, చెక్కా కాంక్రీటూ కలిసే గీత దగ్గర నీరు నిలిచి కాలు అక్కడే తెగుతుంది.

మొత్తం చిత్రిక పట్టి నున్నగా చేయించకు. ఒక వైపైనా తాతగారి నాటి బాడిస గాట్లు వదిలెయ్.

ప్రశ్న: కాజీపేటలో పాత రైల్వే స్లీపర్ చెక్కలు వేలంలో దొరికాయి. గార్డెన్ బెంచీకి బాగుంటాయా?

జవాబు: కూర్చోవడానికి వద్దు. పట్టాల కింద కుళ్లకుండా వాటికి క్రియోసోట్ అనే తారులాంటి మందు పట్టించేవారు. మన ఎండలకి అది పైకి ఉబికి బట్టలకీ చర్మానికీ అంటుతుంది, మంట పుడుతుంది. ఆరోగ్యానికీ చెడ్డది. పొయ్యిలో అసలే పెట్టకండి.

ప్రశ్న: భీమవరంలో మా వరండాలో వెదురు సోఫా ఉంది. రోజూ పొద్దున్నే దాని కింద పసుపుపచ్చ పిండి కనిపిస్తోంది. ఊడ్చి ఊడ్చి విసుగొస్తోంది.
(ఒక పాఠకురాలు)

జవాబు: అది పుచ్చు పురుగు. వెదురులో పిండి పదార్థం ఎక్కువ, పురుగుకి అది భోజనం. పాతకాలం వాళ్లు వానలు పోయాక వెదురు కొట్టి, వారాల తరబడి చెరువులోనో ఏట్లోనో నానేసేవారు. ఆ పిండి నీళ్లలో కలిసిపోయేది. ఇప్పుడు వెలిగారం, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్లలో నానబెడతారు. కొనేటప్పుడు "మందు నీళ్లలో నానిందా?" అని అడగాల్సింది అందుకే. వార్నిష్ పడిన సోఫాకి ఆ నీళ్లు ఇంకవు కాబట్టి మీరు నానబెట్టి లాభం లేదు. ఎండలు ముదిరిన రోజుల్లో నల్ల పాలిథిన్ షీటులో మూటలా చుట్టి, నాలుగైదు రోజులు డాబా మీద పెట్టండి. ఆ ఉడుకుకి పురుగు చస్తుంది. తర్వాత బెజ్జాలన్నీ మైనంతో మూసేయండి. ఒక నెల్లో కొత్త బెజ్జం కనబడితే మళ్లీ చుట్టాలి. రెండోసారి కూడా పిండి రాలితే సోఫాని వదిలించుకోండి, పక్కన ఏ వెదురు బుట్ట ఉన్నా దానికీ ఎక్కుతుంది.

ప్రశ్న: మేడ మీద వేసిన ప్లాస్టిక్ కుర్చీలో మా బావగారు కూర్చోగానే కాలు విరిగి పడ్డారు. కుర్చీ నాలుగేళ్లదే. ఆయన బరువు వల్ల కాదని మా అక్కకి మీరే చెప్పాలి.
(ఒక పాఠకుడు, ఒంగోలు)

జవాబు: బావగారి తప్పు కాదని రాసి ఇస్తున్నాను, చూపించండి. ఆ కుర్చీలు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తో చేస్తారు. తిరగేస్తే అడుగున త్రిభుజం గుర్తులో 5 అంకె ఉంటుంది. నీడలో పదేళ్లయినా ఉంటుంది కానీ, నేరుగా ఎండ పడితే దాని పటుత్వం పోయి అప్పడంలా విరుగుతుంది. రంగు వెలిసి, వేలితో రుద్దితే సుద్దపొడి అంటిందంటే దాని పని అయిపోయినట్టు. అలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో ఇవాళే చూడండి, పెళ్లిళ్ల సీజను వస్తోంది. కొత్తవి కొంటే ఎండ పడేచోటికి నల్లవి కొనండి. నలుపు కోసం కలిపే కార్బన్ ఎండని అడ్డుకుంటుంది. మధ్యాహ్నం కాలుతుంది నిజమే, కానీ ఒంగోలు ఎండలో మధ్యాహ్నం మేడ మీద ఎవరు కూర్చుంటారు?

ప్రశ్న: ప్రొద్దుటూరు మాది. పెరట్లో నల్ల కడప బండతో అరుగు కట్టించాం. నాచు పట్టి జారుతోంది. యాసిడ్ పోసి కడగమంటున్నారు.

జవాబు: పోయకండమ్మా! కడప బండ, తాండూరు బండ, షాబాద్ బండ అన్నీ సున్నపురాతి జాతి. యాసిడ్ పడితే నురగలొచ్చి రాయి పైపొర కరిగిపోతుంది, నునుపు పోయి తెల్లగా పాలిపోతుంది. నమ్మకం కుదరకపోతే ఒక మూల నిమ్మచెక్క పెట్టి తెల్లారి చూడండి. గట్టి బ్రష్షూ, కొంచెం బ్లీచింగ్ పౌడరూ చాలు. నాచు మళ్లీ మళ్లీ వస్తుంటే అరుగు వాలు సరిగా లేదని అర్థం, నీరు ఎటు పోతుందో ఒక చెంబెడు పోసి చూడండి.

ప్రశ్న: ఆంటీ, మధురవాడలో మా ఫ్లాట్ పై అంతస్తులో ఉంది, టెర్రస్ మాదే. తుఫాను వార్త వచ్చినప్పుడల్లా టెర్రస్ ఫర్నిచర్ గురించి టెన్షన్. ఏవి లోపల పెట్టాలి, ఏవి వదిలేయొచ్చు?
(ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: 2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ రోజు. మా డాబా మీద నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, టేకు బెంచీ, గాజు పలక వేసిన ఇనప బల్ల ఉన్నాయి. 32 ఏళ్లు ఫర్నిచర్ వ్యాపారం చేసినా ముందు రోజు నేను లోపల పెట్టుకున్నవి తులసి కుండీ, ఊరగాయ జాడీలు. కుర్చీల్లో రెండు వెనక వీధి ఇంటి సన్‌షేడ్ మీద దొరికాయి, రెండు దొరకలేదు. గాజు పలక ముక్కలు డాబా అంతా. టేకు బెంచీ మూడడుగులు జరిగి పిట్టగోడకి ఆనుకుని ఆగింది.

కాబట్టి మొదట లోపలికి వెళ్లాల్సింది గాజు, ఆ తర్వాత గొడుగు, కుషన్లు, ప్లాస్టిక్ కుర్చీలు, అల్యూమినియం కుర్చీలు. తేలికవి ఒకదాంట్లో ఒకటి పేర్చి తాడు కడితే చాలనుకోకండి, పేర్చిన దొంతరని గాలి ఇంకా తేలిగ్గా పడేస్తుంది. బరువైన చెక్క బెంచీని, ఇనప బల్లని గాలి వచ్చే వైపు గోడ వారకి చేర్చి, తలకిందులుగా పడుకోబెట్టి, గోడకి గట్టి కొక్కెం ఉంటే దానికి కట్టేయండి. టెర్రస్ తూము మీద ఏదీ అడ్డం పడకుండా చూడండి, ముఖ్యంగా ఆ కుషన్లు. ఉయ్యాల ఉంటే గొలుసుల నుంచి విప్పి కింద పెట్టండి. గాలి తగ్గాక అన్నిటినీ మంచినీళ్లతో కడగండి, తుఫాను వానలో ఉప్పు ఉంటుంది. బెంచీ ఎలాగూ తిరగేసే ఉంటుంది కాబట్టి అడుగు కడగడం సులువు.